గెలిచే పార్టీ ముందే తెలిసిన సీట్లో అసలు పోటీ ఎక్కడ?

2024 మార్చి 5న కాలిఫోర్నియాలో ప్రైమరీ, అంటే నవంబర్ అసలు పోటీలో ఎవరు నిలబడాలో తేల్చే తొలి ఎన్నిక జరిగింది. అందులో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, 16వ నియోజకవర్గంలో రెండో స్థానం కోసం పోటీపడిన ఇద్దరికీ సరిగ్గా 30,249 చొప్పున ఓట్లు వచ్చాయి. పోలైనవి లక్షా ఎనభై వేల పైచిలుకు, లెక్కింపు దాదాపు నెల రోజులు సాగింది, మధ్యలో ఆ రెండో స్థానం అటూ ఇటూ చేతులు మారింది, ఇంతా చేసి చివరికి అధికారులు తేల్చిందేమిటంటే ఇద్దరూ సమానమేనని. ఇద్దరిదీ ఒకే పార్టీ. పైన మొదటి స్థానంలో ఉన్నాయనదీ అదే పార్టీ.

అమెరికా ఎన్నికలనగానే మన టీవీలు పెన్సిల్వేనియా, జార్జియా, అరిజోనా అని ఊదరగొడతాయి. ఎటు మొగ్గుతాయో తెలియని ఆ అరడజను రాష్ట్రాలను వదిలేస్తే, మిగతా దేశంలో ఎక్కువ భాగం ఏదో ఒక పార్టీ కంచుకోటే. కాంగ్రెస్ దిగువ సభ అయిన ప్రతినిధుల సభలో 435 సీట్లుంటే నవంబర్‌లో నిజంగా టెన్షన్ పెట్టేవి కొన్ని పదులు మాత్రమే. మిగతావాటిలో ఏ పార్టీ గెలుస్తుందో పోలింగ్‌కి ముందే అందరికీ తెలుసు. కాబట్టి అక్కడ రాజకీయం చప్పగా ఉంటుందనుకుంటాం. సిట్టింగ్ సభ్యులు తప్పుకుని సీటు ఖాళీ అయినప్పుడు చూడాలి, ఒక్క పార్టీ లోపలే యుద్ధం జరుగుతుంది. ఆ యుద్ధంలో ఎవరు గెలుస్తారన్నది జనం అభిప్రాయం మీద ఎంత ఆధారపడి ఉంటుందో, మొదటి రౌండు ఓట్లను లెక్కించే పద్ధతి మీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది. ఒక్కోసారి పద్ధతిదే పైచేయి. ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్నది ఇదే, మిగతాదంతా దానికి రుజువులు.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. మన దగ్గర కుప్పమో, పులివెందులో, హైదరాబాద్ పాతబస్తీయో తీసుకోండి. అక్కడ ఏ పార్టీకి పట్టుందో అందరికీ తెలుసు, ఇక అభ్యర్థి ఎవరన్నది పార్టీ అధినేత ఇంట్లో తేలుతుంది. బీ-ఫారం చేతికొచ్చినవాడు అభ్యర్థి, రానివాడు రెబెల్. అమెరికాలో ఈ బీ-ఫారం లేదు. ఫలానా వ్యక్తికి టికెట్ ఇవ్వం అని ఆపే అధికారం పార్టీ అధ్యక్షుడికి ఉండదు. పార్టీ గుర్తు మీద నవంబర్‌లో నిలబడేది ఎవరో సాధారణ ఓటర్లే ప్రైమరీలో ఓటేసి నిర్ణయిస్తారు. వినడానికి ఎంతో బాగుంటుంది, మన కార్యకర్తలకైతే అసూయ పుడుతుంది కూడా. కానీ ఆ ప్రైమరీ ఎలా జరపాలన్నది ఒక్కో రాష్ట్రం ఒక్కోలా రాసుకుంది. చిక్కంతా అక్కడే.

కాలిఫోర్నియా సీటు సంగతికొద్దాం. సిలికాన్ వ్యాలీ గుండెకాయ అది. పాలో ఆల్టో, మౌంటెన్ వ్యూ, సారటోగా, లాస్ గాటోస్, శాన్ హోసేలో కొంత భాగం, అటు సముద్రం ఒడ్డున పసిఫికా దాకా. 2020లో బైడెన్‌కు ఇక్కడ నాలుగింట మూడొంతుల ఓట్లు పడ్డాయి. ఆ ప్రాంతం నుంచి ఆనా ఎషూ 1992లో మొదటిసారి గెలిచారు. తమాషా ఏమిటంటే ఆ సీటు అప్పుడు డెమోక్రాట్ల కంచుకోట కానే కాదు. 1988లో ఆవిడ టామ్ క్యాంప్‌బెల్ అనే రిపబ్లికన్ చేతిలో ఓడిపోయారు. ఆయన సెనేట్‌కి పోటీ చేయడానికి సీటు వదిలాకే ఆవిడకు దారి దొరికింది. ఒకసారి దొరికిన దారిలో ముప్పై ఏళ్లు నడిచారు.

ఖాళీ సీటు విలువ ఇదే. సిట్టింగ్ సభ్యుల్ని ఓడించడం అమెరికాలో మహా కష్టం, మామూలుగా పోటీ చేసినవాళ్లలో 90 శాతానికి పైగా తిరిగి గెలుస్తారు. పేరు అందరికీ తెలిసి ఉంటుంది, విరాళాలిచ్చేవాళ్ల ఫోన్ నంబర్లు ఉంటాయి, నియోజకవర్గంలో సగం మందికి ఏదో ఒక పని చేసిపెట్టి ఉంటారు. ఎషూ మీద రిషి కుమార్ అనే భారత సంతతి డెమోక్రాట్, సారటోగా మాజీ కౌన్సిల్ సభ్యుడు, 2020లో, 2022లో వరుసగా నవంబర్ దాకా వెళ్లి పోటీ చేశాడు. రెండోసారి 42 శాతం తెచ్చుకున్నాడు, అదే ఎక్కువ. అందుకే తెలివైన నాయకులు సిట్టింగ్ మీద పోటీకి దిగరు, ఎదురుచూస్తారు. ఈలోగా మేయరు, అసెంబ్లీ సభ్యుడు, కౌంటీ సూపర్‌వైజర్ (మన జిల్లా పరిషత్ సభ్యుడి లాంటి పదవి) పదవుల్లో ఉంటారు. వాటికి పదవీకాల పరిమితులున్నాయి కాబట్టి టైమైపోయి దిగిపోతుంటారు, పైనున్న కాంగ్రెస్ సీటుకేమో ఆ పరిమితి లేదు. కింద నుంచి మనుషులు వచ్చి ఆగిపోతుంటారు, పైన తలుపు తెరుచుకోదు. 2023 నవంబర్‌లో ఎషూ ఇక పోటీ చేయనని ప్రకటించగానే ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. నామినేషన్ల గడువు డిసెంబర్‌లోనే. ఆ కొద్ది వారాల్లోనే పదకొండు మంది బరిలోకి దిగారు.

అంత తక్కువ సమయంలో జనానికి పేరు తెలియనివాడు తెలియాలంటే బోలెడు డబ్బు కావాలి. కాబట్టి ముగ్గురు పాతకాపులే ముందుకొచ్చారు. సామ్ లికార్డో, శాన్ హోసే మాజీ మేయరు, అంతకుముందు ప్రాసిక్యూటర్. జో సిమిటియన్, ఒకప్పుడు పాలో ఆల్టో మేయరు, తర్వాత రాష్ట్ర సెనేటర్, అప్పటికి శాంటా క్లారా కౌంటీ సూపర్‌వైజర్. ఎవాన్ లో, క్యాంప్‌బెల్ అనే ఊరికి మాజీ మేయరు, రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడు. ముగ్గురూ డెమోక్రాట్లే. గర్భస్రావ హక్కు, తుపాకుల నియంత్రణ, వాతావరణ మార్పు, ఏ పెద్ద ప్రశ్న అడిగినా ముగ్గురి జవాబూ ఇంచుమించు ఒకటే. తేడాలు ఉన్నాయి, లేక కాదు. మేయరుగా లికార్డోది వ్యాపారులకు దగ్గరగా ఉండే మధ్యేమార్గం, కౌన్సిల్లో ఉన్న రోజుల నుంచీ నగర ఉద్యోగుల పెన్షన్ల విషయంలో యూనియన్లతో ఆయనకు పేచీ. కానీ ఇలాంటి తేడాలు పట్టించుకునేంత ఓపిక ఉన్న ఓటర్లు ఎందరు? మిగతావాళ్లకు పార్టీ పేరు సగం పని చేసిపెడుతుంది. ఇక్కడ పార్టీ పేరు పనికిరాదు కాబట్టి, పేరు విన్నామా లేదా, మా ఊరి మేయరా కాదా అన్న దగ్గరే ఓటు ఆగిపోతుంది.

ఇప్పుడు రూలు. కాలిఫోర్నియా ఓటర్లు 2010లో ప్రపోజిషన్ 14 అనే ప్రతిపాదనను గెలిపించారు. దాని ప్రకారం పార్టీలకు విడివిడి ప్రైమరీలు లేవు. అన్ని పార్టీల అభ్యర్థులూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, ఓటర్లందరూ ఆ ఒకే బ్యాలెట్ మీద ఓటేస్తారు, మొదటి ఇద్దరు నవంబర్‌కి వెళ్తారు, వాళ్లది ఒకే పార్టీ అయినా సరే. దీన్ని టాప్-టూ అంటారు. అధ్యక్ష ఎన్నికకు మాత్రం ఇది వర్తించదు. ఉద్దేశం మంచిదే. ఏకపక్షమైన చోట నవంబర్ ఎన్నిక లాంఛనంగా మిగిలిపోకుండా, గెలిచే పార్టీకి చెందిన ఇద్దరు నిలబడి, ఓడే పార్టీ ఓటర్లను కూడా బతిమాలుకోవాల్సిన పరిస్థితి రావాలని.

మార్చి 5 ఫలితాల్లో లికార్డోకి 38 వేల పైచిలుకు, అంటే 21 శాతం. సిమిటియన్‌కి, ఎవాన్ లోకి చెరో 16.6 శాతం. ఇక్కడ చాలామంది గమనించని అంకె ఇంకొకటుంది. బరిలో ఇద్దరు రిపబ్లికన్లు ఉన్నారు. వాళ్లిద్దరి ఓట్లూ కలిపితే సుమారు 19 శాతం. అంటే ఆ ఇద్దరిలో ఒకరు తప్పుకుని ఉంటే, ఓట్లు అటూ ఇటూ పోకుండా ఒక్కరికే పడి ఉంటే, రెండో స్థానం రిపబ్లికన్‌దే! అప్పుడు నవంబర్‌లో లికార్డోకి కాలు మీద కాలేసుకుని కూర్చున్నా గెలుపే. 30,249 గొడవ లేదు, రీకౌంటింగ్ లేదు, ఆరు నెలల ప్రచారం లేదు. నియోజకవర్గంలో ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోనక్కర్లేదు, ఒక రిపబ్లికన్ నామినేషన్ వేయకుండా ఇంట్లో కూర్చుంటే చాలు, డెమోక్రాట్ల పోటీ మొత్తం మారిపోయేది.

మన దగ్గర ఇద్దరికి సమానంగా ఓట్లొస్తే రిటర్నింగ్ అధికారి లాటరీ తీస్తారు. కాలిఫోర్నియా ప్రైమరీ రూలు వేరు, రెండో స్థానంలో టై అయితే ఇద్దరూ నవంబర్‌కి వెళ్తారు. అంటే మొత్తం ముగ్గురు. టాప్-టూ వచ్చాక కాంగ్రెస్ సీటుకి అలా ముగ్గురు వెళ్లడం ఎప్పుడూ జరగలేదు, మొదటిసారి జరగబోయింది. తేడా ఇంత తక్కువైతే దానంతటదే రీకౌంటింగ్ జరగాలన్న నియమం ఇలాంటి సీట్లకు అక్కడ లేదు. కావాలంటే ఎవరైనా ఓటరు అడగొచ్చు, కాకపోతే ఖర్చు అడిగినవాళ్లే భరించాలి, రోజురోజుకీ ముందుగా కట్టాలి. సిమిటియన్ అడగలేదు, ఎవాన్ లో అడగలేదు, ఎందుకడుగుతారు, ఇద్దరికీ నవంబర్‌లో చోటు దొరికింది కదా. అడిగింది లికార్డో పాత ప్రచారంలో పనిచేసిన ఒక వ్యక్తి. డబ్బు ఒక సూపర్ ప్యాక్ ద్వారా, అంటే అభ్యర్థితో సంబంధం లేకుండా ఎంతైనా ఖర్చుపెట్టగల ప్రచార సంస్థ ద్వారా వచ్చింది. మాకు సంబంధం లేదని లికార్డో ప్రచార బృందం, ఇదంతా వాళ్ల పనేనని ఎవాన్ లో వైపు వాళ్లు, కొన్ని వారాలు ఆ రగడ నడిచింది.

లెక్క వేసుకుంటే ఈ రీకౌంటింగ్ ఎవరికి అవసరమో అర్థమవుతుంది. ముగ్గురుంటే మూడో వంతు కన్నా కాస్త ఎక్కువొచ్చినా గెలుపే, ఇద్దరుంటే సగం దాటాలి. ముగ్గురు ఉంటేనే లికార్డోకి సుఖం, మిగతా ఇద్దరూ ఒకరి ఓట్లు ఒకరు తింటారని కొందరన్నారు. కాదు, ఇద్దరుంటేనే రిపబ్లికన్ ఓట్లు కూడా మధ్యేమార్గం వాడైన లికార్డో వైపు వస్తాయని మరికొందరు. రెండు వాదనల్లోనూ పస ఉంది. నాకైతే రెండోదే నిజమనిపిస్తుంది, తర్వాత జరిగింది కూడా దానికి దగ్గరగానే ఉంది. మే నెల మొదటికి రీకౌంటింగ్ ముగిసింది. ఎవాన్ లోకి 12 ఓట్లు కలిశాయి, సిమిటియన్‌కి 7. 30,261, 30,256. ఐదు ఓట్ల తేడాతో సిమిటియన్ ఇంటికెళ్లారు. నాలుగు దశాబ్దాల ప్రజా జీవితం ఉన్న మనిషి! తాను అడగని రీకౌంటింగ్ ఎవరో అడిగినందువల్ల, అప్పటికే వచ్చిన స్థానం చేజారింది. నవంబర్‌లో లికార్డో సుమారు 58 శాతంతో గెలిచారు. ఆ నవంబర్‌లో పోలైన ఓట్లు మూడు లక్షలు దాటాయి, ప్రైమరీకి వచ్చినవాటి కన్నా లక్షకు పైగా ఎక్కువ. కానీ అప్పటికి బ్యాలెట్ మీద పదకొండు పేర్లలో తొమ్మిది ఎగిరిపోయాయి.

అదే మార్చి 5న, ఇదే రాష్ట్రంలో, ఇదే రూలుతో ఇంకో పెద్ద ఆట జరిగింది. డయాన్ ఫైన్‌స్టైన్ ఇక పోటీ చేయనని ప్రకటించి, 2023లోనే మరణించిన సెనేట్ సీటు. డెమోక్రాట్లలో ఆడమ్ షిఫ్, కేటీ పోర్టర్, బార్బరా లీ, ముగ్గురూ సిట్టింగ్ కాంగ్రెస్ సభ్యులు. రిపబ్లికన్ల నుంచి స్టీవ్ గార్వీ, ఒకప్పటి బేస్‌బాల్ ఆటగాడు. షిఫ్ ఏం చేశాడంటే, పోర్టర్ ఊసెత్తకుండా గార్వీ మీదే ప్రకటనలు గుప్పించాడు. 'గార్వీ మరీ సంప్రదాయవాది, ట్రంప్ మనిషి' అన్న ధోరణిలో. తిట్టినట్టే ఉంటుంది, కానీ ఆ తిట్లు విన్న రిపబ్లికన్ ఓటరు 'ఓహో, మనవాడు ఈయనేనా' అని గార్వీకి ఓటేస్తాడు. గార్వీ రెండో స్థానంలోకి వస్తే పోర్టర్ అడ్డు తొలగుతుంది, నవంబర్‌లో రిపబ్లికన్ మీద కాలిఫోర్నియాలో గెలవడం ఎంతసేపు! అలాగే అయింది. షిఫ్‌కి, గార్వీకి చెరో 31 శాతం చిల్లర, పోర్టర్‌కి 15. నవంబర్‌లో షిఫ్ దాదాపు 18 శాతం ఎక్కువ ఓట్లతో గెలిచాడు. ఇది అన్యాయమని పోర్టర్ అభిమానులు గోల పెట్టారు గానీ, రూలు ఉన్నదే అలా, ఆడేవాడు దాన్ని చూసే ఆడతాడు.

ఇదే టాప్-టూ ఒకసారి డెమోక్రాట్లకు ఎదురు తిరిగింది కూడా. 2012లో, ఈ పద్ధతి అమలైన మొదటి సాధారణ ఎన్నికల్లోనే, శాన్ బెర్నార్డినో ప్రాంతంలోని 31వ నియోజకవర్గం. ఒబామాకు అక్కడ బాగా మెజారిటీ వచ్చే చోటు. డెమోక్రాట్లు నలుగురు నిలబడ్డారు, రిపబ్లికన్లు ఇద్దరే. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు నలుగురి మధ్యా ఓట్లు చీలి, మొదటి రెండు స్థానాలూ రిపబ్లికన్లకే దక్కాయి. నవంబర్‌లో ఆ నియోజకవర్గంలోని డెమోక్రాట్లు బ్యాలెట్ తెరిస్తే ఇద్దరు రిపబ్లికన్లు, గ్యారీ మిల్లర్, బాబ్ డటన్, ఇద్దరిలో ఎవరు నయమో చూసుకోండి అన్నట్టుగా. మిల్లర్ గెలిచారు. అప్పుడు మూడో స్థానంలో ఆగిపోయిన డెమోక్రాట్ పీట్ అగిలార్ 2014లో గెలిచి, ఇప్పుడు ప్రతినిధుల సభలో డెమోక్రాట్ల అగ్రనాయకుల్లో ఒకరు.

కాలిఫోర్నియా పద్ధతిలో ఇన్ని లొసుగులున్నాయి కదా, పాత పద్ధతే నయమా అంటే, మసాచుసెట్స్ వెళ్దాం. అక్కడ పార్టీల ప్రైమరీలు విడివిడిగా ఉంటాయి, ఎవరికి ఎక్కువొస్తే వాళ్లదే, సగం దాటాలన్న నియమం లేదు. 2020లో 4వ నియోజకవర్గం నుంచి జో కెనెడీ సెనేట్‌కి పోటీ చేయడానికి సీటు వదిలాడు. డెమోక్రటిక్ ప్రైమరీ బ్యాలెట్ మీద తొమ్మిది పేర్లు. వామపక్ష ధోరణి ఉన్న ఓట్లు నలుగురైదుగురి మధ్య చీలాయి, జేక్ ఆకిన్‌క్లాస్ అనే మధ్యేమార్గం అభ్యర్థి 22.4 శాతంతో గెలిచాడు. రెండో స్థానంలో ఉన్న జెస్సీ మర్మెల్‌కి ఇంచుమించు 21 శాతం. అంటే సొంత పార్టీలో ఓటేసినవాళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా ఇంకెవరికో వేశారు. ప్రైమరీ సెప్టెంబర్ 1న, నవంబర్ రావడానికి రెండు నెలలు, అక్కడ రిపబ్లికన్‌కి ఎలాగూ అవకాశం లేదు, ఆయన 60 శాతం పైగా తెచ్చుకుని కాంగ్రెస్‌కి వెళ్లాడు. ఇప్పుడాయన సిట్టింగ్. ఇంట గెలవడానికి 22 శాతం సరిపోయింది, రచ్చ దానంతటదే గెలిచినట్టయింది.

22 శాతంతో అభ్యర్థి కావడం ఏం బాగుంటుంది, సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ మళ్లీ పోటీ పెట్టాలి అని దక్షిణాది రాష్ట్రాలు చాలా వరకు రన్-ఆఫ్ పెట్టుకున్నాయి. టెక్సాస్ అలాంటిదే. మార్చిలో ప్రైమరీ, ఎవరికీ 50 శాతం దాటకపోతే మేలో రన్-ఆఫ్. టెక్సాస్ 3వ నియోజకవర్గం మనవాళ్లకు బాగా తెలిసిన చోటు, డాలస్‌కి ఉత్తరాన కాలిన్ కౌంటీలో చాలా భాగం. మెకిన్నీ వైపు వెళ్తే గుళ్లు, బిర్యానీ హోటళ్లు, తెలుగు సంఘాల బోర్డులు వరుసగా కనిపిస్తాయి. 2022 రిపబ్లికన్ ప్రైమరీలో సిట్టింగ్ సభ్యుడు వాన్ టేలర్‌కి దాదాపు 49 శాతం వచ్చింది. ఇంకొక్క శాతం కన్నా కాస్త ఎక్కువొచ్చుంటే కథ అక్కడితో అయిపోయేది. రాలేదు, రన్-ఆఫ్‌కి వెళ్లాలి. మర్నాడే ఒక వ్యక్తిగత వ్యవహారాన్ని ఒప్పుకుని ఆయన పోటీ నుంచి తప్పుకున్నాడు. రెండో స్థానంలో 26 శాతం చిల్లరతో ఉన్న కీత్ సెల్ఫ్ రన్-ఆఫ్ అక్కర్లేకుండానే అభ్యర్థి అయిపోయాడు. నవంబర్‌లో గెలిచాడు. రన్-ఆఫ్ ఉన్నదే తక్కువ ఓట్లతో ఎవరూ రాకూడదని, చివరికి అక్కడ కూడా పావు వంతు ఓట్లతో సీటు ఖరారైంది. నిజానికి రన్-ఆఫ్‌కి ఉన్న పెద్ద సమస్య ఇది కాదు. మేలో రెండోసారి ఓటేయడానికి వచ్చేవాళ్లు మార్చికన్నా బాగా తక్కువ ఉంటారు, వచ్చేవాళ్లు పార్టీలో బాగా పట్టుదల ఉన్నవాళ్లే. సగం దాటిన గెలుపే గానీ, ఎందులో సగం?

ఇక అలాస్కా. నాకు అన్నిటికన్నా నచ్చిన కథ. 49 ఏళ్లు ఆ రాష్ట్రపు ఏకైక ప్రతినిధిగా ఉన్న రిపబ్లికన్ డాన్ యంగ్ 2022 మార్చిలో చనిపోయారు. యాభై ఏళ్లకోసారి వచ్చే ఖాళీ, మరి ఊరుకుంటారా, ఏకంగా 48 మంది నిలబడ్డారు. అలాస్కా అప్పుడే కొత్త పద్ధతి మొదలుపెట్టింది. ప్రైమరీలో అందరూ ఒకే బ్యాలెట్ మీద, మొదటి నలుగురు తర్వాతి రౌండుకి, అక్కడ ఓటరు తన ఇష్టాల వరుస చెప్పాలి, మొదట ఎవరు, వాళ్లు కాకపోతే ఎవరు అని. నలుగురిలో ఒకరు తప్పుకోగా ముగ్గురు మిగిలారు. రిపబ్లికన్లు అలాస్కా మాజీ గవర్నర్ సారా పేలిన్, నిక్ బెగిచ్. డెమోక్రాట్ మేరీ పెల్టోలా, ప్రైమరీలో 10 శాతంతో నాలుగో స్థానంలో వచ్చిన మనిషి. ఆగస్టులో మొదటి లెక్కన పెల్టోలాకి 40, పేలిన్‌కి 31, బెగిచ్‌కి 28 శాతం. ఇద్దరు రిపబ్లికన్లవీ కలిపితే దాదాపు 60, పాత పద్ధతిలో రిపబ్లికన్ ప్రైమరీ నెగ్గినవాళ్లు ఈజీగా గెలవాల్సింది. కానీ బెగిచ్‌ని తొలగించి ఆయన ఓటర్ల రెండో ఇష్టం చూస్తే, అందులో సగమే పేలిన్‌కి. ముప్పై శాతానికి కాస్త తక్కువ మంది పార్టీ దాటి పెల్టోలాకి వేశారు, ఐదో వంతు మంది రెండో ఇష్టమే రాయలేదు. పెల్టోలా 51.5 శాతంతో గెలిచింది. అలాస్కా మూలవాసుల్లోంచి కాంగ్రెస్‌కి వెళ్లిన మొదటి వ్యక్తి ఆమె. నవంబర్‌లో పూర్తికాలానికి మళ్లీ గెలిచింది. 2024లో అదే బెగిచ్ ఆమెను ఓడించాడు. అంటే ఈ పద్ధతి డెమోక్రాట్లకు దొంగదారేమీ కాదు. పేలిన్ అంటే పడని రిపబ్లికన్లు ఎంతమంది ఉన్నారో పాత పద్ధతిలో ఎప్పటికీ బయటపడేది కాదు, ఇక్కడ కాగితం మీద అంకెలతో సహా బయటపడింది.

దీని మీద విమర్శలు లేకపోలేదు. బ్యాలెట్ అర్థం కావడం లేదని, ఫలితం రెండు వారాలు ఆలస్యమవుతోందని, రెండో ఇష్టం రాయనివాళ్ల ఓటు మధ్యలోనే ఆగిపోతుందని. రద్దు చేయాలని 2024లో ప్రజాభిప్రాయం అడిగితే వెయ్యి ఓట్ల లోపు తేడాతో బతికి బయటపడింది. అయినా నా మట్టుకు నాకు, ఏకపక్షంగా ఉన్న చోట ఖాళీ సీటుకు ఇంతకన్నా నిజాయితీ అయిన లెక్క కనిపించలేదు. ఇదే కాలిఫోర్నియా 16లో ఉండుంటే మొదటి నలుగురూ వెళ్లేవారు, రీకౌంటింగ్ ఎవరికీ గుర్తుకొచ్చేది కాదు.

సరే, ఇవన్నీ మనకెందుకు అనే ప్రశ్న ఉంటుంది. అక్కడున్న మనవాళ్లలో చాలామంది హెచ్-1బీ మీదో, గ్రీన్ కార్డు క్యూలోనో ఉన్నారు, ఓటు లేదు. కానీ అదే క్యూ సంగతి చూడండి. ఉద్యోగాల ద్వారా ఒక్కో దేశానికి ఏటా ఇన్నే గ్రీన్ కార్డులు అన్న పరిమితి తీసేయాలని 2019లో ప్రతినిధుల సభలో ఒక బిల్లు 365-65 తేడాతో నెగ్గింది, చట్టం మాత్రం కాలేదు. ఆ బిల్లు పెట్టింది శాన్ హోసే నుంచి గెలిచే జో లాఫ్‌గ్రెన్, ఒకప్పుడు ఇమిగ్రేషన్ లాయరు. ఆవిడ కాంగ్రెస్‌కి ఎలా వచ్చారు? 1994లో డాన్ ఎడ్వర్డ్స్ అనే పెద్దాయన రిటైరై సీటు ఖాళీ అయింది. డెమోక్రాట్ల సీటే. ప్రైమరీలో శాన్ హోసే మాజీ మేయరు టామ్ మెకెనరీ గెలుస్తారని అందరూ అనుకుంటే, లాఫ్‌గ్రెన్ కొద్ది తేడాతో గెలిచారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆవిడే. ఆ జూన్‌లో ఒక్క పార్టీ ప్రైమరీకి వెళ్లిన కొద్దిమంది నిర్ణయం పాతికేళ్ల తర్వాత లక్షలమంది ఇళ్లలో గ్రీన్ కార్డు చర్చ దాకా వచ్చింది. ఇంకో చిన్న సంగతి, ఓటు లేకపోయినా ఆ నియోజకవర్గంలో నివసిస్తే చాలు, ఆగిపోయిన ఇమిగ్రేషన్ దరఖాస్తు గురించి కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుకు రాయొచ్చు, వాళ్లు సంబంధిత శాఖను వాకబు చేస్తారు. ఇది చాలామందికి తెలియదు.

ఓటున్నవాళ్లకు మాత్రం నవంబర్ కన్నా ముందున్న తేదీలే ముఖ్యం. పైగా రాష్ట్రం మారితే రూలు మారుతుంది. టెక్సాస్‌లో ఓటరు నమోదులో పార్టీ అనే గడే ఉండదు, మార్చిలో ఏ పార్టీ ప్రైమరీ బ్యాలెట్ కావాలంటే అది అడిగి తీసుకోవచ్చు, కాకపోతే ఒకటే. రిపబ్లికన్లే గెలిచే డాలస్ శివారు ఫ్రిస్కోలో ఉంటూ డెమోక్రాట్‌గా నవంబర్‌లో మాత్రమే ఓటేసేవాళ్లు ఈ ఒక్క వెసులుబాటునూ వదులుకుంటున్నారు. కాలిఫోర్నియాలో ఏ పార్టీ లేదని నమోదు చేసుకున్నా కాంగ్రెస్ ప్రైమరీలో ఓటుంటుంది, బ్యాలెట్ ఇంటికే పోస్టులో వస్తుంది. న్యూయార్క్‌లో అలా కాదు. పార్టీ సభ్యుడిగా నమోదై ఉంటేనే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు, పార్టీ మార్చుకోవాలంటే ఫిబ్రవరి 14 లోపే చేయాలి, ప్రైమరీ జరిగేదేమో జూన్‌లో. అభ్యర్థుల పేర్లు సరిగ్గా వినేలోపే ఆ గడువు దాటిపోయి ఉంటుంది.